పప్పులుడకని పుట్టినరోజు

మాది అనంతపురం జిల్లా. చేలో వేరుశనగ, గానుగలో వేరుశనగ, రోట్లో వేరుశనగ. అలాంటి ఇంట్లో పుట్టిన మా పాపకు వేరుశనగ పడదు. చేపకు నీళ్లు పడవన్నట్టు! రెండేళ్లప్పుడు చిక్కీ ముక్క కొరికి, పెదాలు వాచి, మమ్మల్ని ఆసుపత్రికి పరుగెత్తించింది. జీడిపప్పు, బాదం కూడా వద్దన్నారు డాక్టరు.

ఐదో పుట్టినరోజుకని బేకరీకి వెళ్తే, "ఇందులో పప్పులేం లేవు సార్" అంటూనే, జీడిపప్పు కేకు కోసిన కత్తి అందుకున్నాడు కుర్రాడు. దండం పెట్టి వచ్చేశాను. కేకు నేనే చేస్తానంటే మా ఆవిడ నవ్వలేదు. అప్పుడేసింది భయం.

కొలతలు సులువే. కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార, టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా, అరకప్పు నూనె, కప్పున్నర మైదా. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్నసెగ మీద ముప్పావుగంట.

చిక్కంతా మా వంటింటితోనే. పంచదార పొడి చేద్దామని మిక్సీ జారు తీస్తే, మూత రబ్బరులో నిన్నటి వేరుశనగ ఊరిబిండి. సరే, పంచదారను పెరుగులోనే చెయ్యి నొప్పి పుట్టేదాకా కరిగించాను. నూనె డబ్బా వంచబోతే గానుగ వేరుశనగ నూనె! పరుగున వెళ్లి పొద్దుతిరుగుడు నూనె తెచ్చాను. కోకో ప్యాకెట్ వెనక చీమతలంత అక్షరాల్లో "నట్స్ ఆనవాళ్లు ఉండవచ్చు" అని ఉంది. ఆ "ఉండవచ్చు" పెళ్లిళ్ల పేరయ్య హామీ లాంటిది. కోకో మానేసి, యాలకులు కవర్లో పెట్టి గ్లాసుతో నలిపాను. రోలు జోలికి పోలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడింది.

"నాలుగు జీడిపప్పులన్నా వేయరా. కొనేకి డబ్బుల్లేవనుకుంటారు."

"వద్దమ్మా."

"చెనిక్కాయ కందికి చుట్టం కదరా, వేళ్లకు బుడిపెలు కూడా ఉంటాయి. కందిపప్పు తింటాది కదా బిడ్డ!"

నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. మాట నిజమే, రెండూ ఒకే కుటుంబం పంటలు. కానీ పాప ఒంటికి ఆ చుట్టరికం అక్కర్లేదే!

కేకు పొంగింది, నడిమికి పగిలింది. "వాన రాని మన చేను ఇట్లే నెర్రెలిస్తాది" అంది అమ్మ. లేబుల్ రెండుసార్లు చదివి కొన్న టూటీ ఫ్రూటీతో నెర్రెలు పూడ్చాను. అదంతా పచ్చి బొప్పాయేనని చెప్తే కొంచెం శాంతించింది.

సాయంత్రం పక్కింటావిడ కాజూ కట్లీ డబ్బాతో వచ్చింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ గడపకు అడ్డంగా నిలబడి, "ఈ పొద్దు మా ఇంట్లో పప్పులుడకవు తల్లీ!" అంది.

ఆ డబ్బా ఏమైందో నేనడగలేదు. అమ్మ మాత్రం పక్కింటి అరుగు మీద కాసేపు కూర్చొని, నోరు పుక్కిలించి, మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చి, మనవరాలికి కేకు తినిపించింది.