ఒక తెల్ల స్పైడర్ స్వీయచరిత్ర

తన గురించి చెప్పుకోవలసి వచ్చినా ఈ బండి "నేను" అనదు, "ఈ బండి" అనే అంటుంది. వినయం ఏమీ కాదు. చూడవచ్చినవాళ్ళు దాన్ని ఏనాడూ పలకరించలేదు. దాని ఎదురుగానే నిలబడి, దాని సంగతులన్నీ ఓనరును అడిగారు. రకం 105.03యేనా? ఇంజను మీద 00536 అచ్చు ఉందా? ఆ ఇంజను పుట్టుకతో వచ్చిందా, మధ్యలో మార్చారా? అర్ధ శతాబ్దానికి పైగా ఈ వరస విన్నాక సొంత కథ కూడా పరాయిదానిలా చెప్పుకోవడం అలవాటైపోయింది.

పుట్టింది 1967లో. రంగు తెలుపు. ఒళ్ళు టురిన్ శివారు గ్రుల్యాస్కోలోని పినిన్‌ఫరీనా కర్మాగారంలో తయారైంది. ఇంజనూ గేర్‌బాక్సూ మిలాన్ కంపెనీ ఆల్ఫా రోమియోవి. ఈ స్పైడర్ మోడల్‌ను అంతకు ముందు ఏడాది, 1966 మార్చిలో, జెనీవా మోటార్ షోలో తొలిసారి జనానికి చూపించారు. బతిస్తా ఫరీనా అనే పెద్దాయన స్వయంగా చెయ్యి పెట్టిన చివరి బళ్ళలో ఇదొకటి. పినిన్ ఆయన ముద్దుపేరు. 1961లో ఇటలీ అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ ముద్దుపేరు ఇంటిపేరులో కలిసిపోయింది. జెనీవాలో తెర తీసిన కొద్ది వారాలకే, ఏప్రిల్ 3న, ఆయన పోయారు.

తెలుగు పాఠకులతో ఇక్కడ ఒక దూరపు చుట్టరికం ఉంది. 2015 డిసెంబరులో పినిన్‌ఫరీనాను కొనడానికి ఒప్పందం చేసుకున్నవి మహీంద్రా, టెక్ మహీంద్రా కంపెనీలు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌ను తనలో కలుపుకున్న టెక్ మహీంద్రాయే ఇది. ఈ బానెట్ గీత గీసిన సంస్థ కాగితాల మీద ఇప్పుడు భారతీయులదే. బండికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు గాని, చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఇంకో సంగతి నమ్మడం కష్టం. ఈ బండి తయారయ్యే నాటికి ఆల్ఫా రోమియో ప్రభుత్వ రంగ సంస్థ. 1933 నుంచి ఇటలీ ప్రభుత్వం చేతిలోనే ఉండి, 1986లో ఫియట్‌కు వెళ్ళింది. గాలికి జుట్టు ఎగరేసుకుంటూ తిరగడం తప్ప మరే పనికీ రాని రెండు సీట్ల బండిని ఒక సర్కారీ కంపెనీ చేసిందంటే, ఆ రోజుల ఇటలీ ఎంత ఉత్సాహంగా ఉండేదో ఊహించుకోవచ్చు.

పేరు విషయంలో తగాదా వచ్చింది. కంపెనీ పోటీ పెట్టి "డుయెట్టో" అని ఎంచుకుంది, తీరా చూస్తే ఆ పేరు మీద హక్కు అప్పటికే ఒక తినుబండారానికి ఉంది. కాగితాల్లో "స్పైడర్ 1600" అని రాసుకున్నారు. జనం మాత్రం డుయెట్టో అనడం మానలేదు. ఇటలీ వాళ్ళు ఇంకో పేరూ పెట్టారు: కటిల్ ఫిష్ ఎముక. ఆయుర్వేద దుకాణాల్లో సముద్రపు నురుగు పేరుతో దొరికేది అదే. రెండు కొసలా సన్నబడి మధ్యలో ఉబ్బే ఆ ఆకారం ఈ బండిని పక్కనుంచి చూస్తే నిజంగానే కనిపిస్తుంది. 1970 మోడళ్ళ నుంచి ఆ గుండ్రటి తోకను నిలువుగా కోసేశారు. డిక్కీలో చోటు పెరిగింది, అందం తగ్గింది. కోసిన తోక బళ్ళవాళ్ళు ఈ మాటకు ఒప్పుకోరు. ఒప్పుకోనక్కర్లేదు.

1967 చివర్లో "ది గ్రాడ్యుయేట్" సినిమా వచ్చి ఈ జాతి జాతకం మార్చేసింది. డస్టిన్ హాఫ్‌మన్ ఎర్ర డుయెట్టోలో కాలిఫోర్నియా అంతా తిరుగుతాడు. సాన్ ఫ్రాన్సిస్కో నుంచి బర్క్‌లీ వెళ్ళాల్సినవాడు బే బ్రిడ్జి పై అంతస్తు మీద వెళతాడు. ఆ రోజుల్లోనూ పై అంతస్తు దారి సాన్ ఫ్రాన్సిస్కో వైపే. అంటే హీరో ఎదురు దిక్కున పోతున్నాడు, కాని కెమెరాకు పై అంతస్తులోనే బండి బాగా కనబడుతుంది మరి. చివరికి పెళ్ళి ఆపడానికి పరుగెత్తే వేళ పెట్రోలు అయిపోయి బండి ఆగిపోతుంది. కంపెనీ దాన్ని అవమానంగా తీసుకోలేదు. 1985 నుంచి అమెరికాలో చవక రకం స్పైడర్‌ను "గ్రాడ్యుయేట్" అనే అమ్మింది. ఆ సినిమా చేసిన చెడుపు ఒకటే: ఎరుపు పిచ్చి. తెల్లగా, ఆకుపచ్చగా పుట్టిన బళ్ళకు కూడా ఎర్ర రంగు కొట్టేసేవాళ్ళు బయల్దేరారు.

ఈ బండికీ ఆ గండం వచ్చింది. మొదటి ఓనరు టురిన్‌లో లాయరు. ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా దాన్ని కోర్టుకు తిప్పాడు. టురిన్ ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతంలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్ళు పదేళ్ళకు పైగా కడుపు కింద కొడుతూనే ఉన్నాయి. 1981లో నిజ్జా మోన్‌ఫెర్రాతో దగ్గర ద్రాక్షతోటలున్న ఒక రైతు కొన్నాడు. రంగు మార్చి ఎర్రగా చేద్దామని ఆయన ముచ్చట. పద్నాలుగేళ్ళ కూతురు అడ్డం పడింది. ఇప్పుడు బండి ఆ కూతురిదే.

రంగు సంగతి దేవుడెరుగు, అసలు జబ్బు కింద ఉంది. ఎక్కడో ఒక షెడ్డులో రైతు దానికి రిపేరు చేయించాడు. వాళ్ళు తలుపుల కింది సిల్స్‌లో కుళ్ళిన రేకు తీయకుండానే పైన కొత్త రేకు అతికి, తారు పూసి అప్పగించారు. పైకి ఇది కనబడదు. కాని టాపు లేని బండికి బలమంతా నేలలోను, ఆ రెండు సిల్స్‌లోనే ఉంటుంది. అవి పోతే మూతలేని అట్టపెట్టెలా ఒళ్ళంతా మెలితిరుగుతుంది. జాకీ ఎత్తినప్పుడు తలుపు బిగుసుకుపోతే రోగం ముదిరిందని అర్థం. 2004లో ఆస్తి అనే ఊరి దగ్గరి ఒక పెద్దమేస్త్రీ ముందుగా రెండు తలుపుల ఖాళీల్లోనూ ఇనప బద్దలు అడ్డంగా వెల్డు చేసి, ఆకారం కదలకుండా బిగించి, ఆ తర్వాతే పాత రేకు కోశాడు. బద్దలు లేకుండా కోస్తే తలుపు పట్టే సందు మూసుకుపోతుంది, ఆ తర్వాత ఎంత లాగినా రాదు.

ఆ రేకు కుళ్ళడానికి ఉప్పు కాక ఉన్న రెండో కారణం చూస్తే నవ్వొస్తుంది. సీట్ల వెనక టాపు మడిచే గుంటలో వాననీళ్ళు దిగడానికి చిన్న గొట్టాలు ఉంటాయి. వాటిలో నాలుగు ఎండుటాకులు చేరితే నీళ్ళు బయటికి పోక లోపలే నిలుస్తాయి. వేలకు వేల యూరోల వెల్డింగు పని వెనక ఉప్పుతో పాటు ఉన్నది గుప్పెడు ఆకులు. ఇప్పుడు కూతురు ప్రతి శరదృతువులోనూ సన్నటి ప్లాస్టిక్ తీగ పెట్టి ఆ గొట్టాలు శుభ్రం చేస్తుంది. వాక్సు పూసే పని చాలాసార్లు మరిచిపోతుంది. మంచిదే.

ఇంజను మాత్రం పెద్దగా బాధపెట్టలేదు. 1570 సీసీ, పైన రెండు క్యామ్‌షాఫ్టులు, బ్లాకూ హెడ్డూ అల్యూమినియం, రెండు వెబర్ జంట కార్బురేటర్లు, 109 హార్స్‌పవర్. దీని మూలపురుషుడు 1954 నాటి ఆల్ఫా జూలియెట్టా ఇంజను. అదే వంశం సీసీలు మార్చుకుంటూ 1990ల దాకా స్పైడర్లలో నడిచింది. 990 కిలోల ఒళ్ళు, గంటకు 185 కిలోమీటర్ల వేగం. ఇవాళ కూరగాయలకు వెళ్ళే హ్యాచ్‌బ్యాక్ కూడా సిగ్నలు దగ్గర దీన్ని వెనక వదిలేస్తుంది. కాని ఆ హ్యాచ్‌బ్యాక్‌లో నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక కార్బురేటర్లు గాలి పీల్చే గుర్రు వినిపించదు. అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు 1967లో ఖరీదైన బళ్ళలో కూడా చాలావాటికి లేవు.

ఈ బండికి నచ్చని అలవాట్లు రెండు. ఒకటి, చల్లటి ఇంజనును స్టార్టు చేయగానే అదిమి తొక్కడం. అల్యూమినియం హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఆయిలు దారుల దగ్గర చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. అవి దెబ్బతింటే ఆయిలు నీళ్ళలో కలుస్తుంది. అందుకే ఇంజను వేడి చూపే సూది పైకి లేచే దాకా కూతురు మూడు వేల ఆర్‌పీఎం దాటదు. రెండోది, ఒకటి నుంచి రెండో గేరుకు విసురుగా వేయడం. రెండో గేరును మెత్తగా కలిపే సింక్రో ఈ జాతికంతా బలహీనమే. క్షణం ఆగి వేస్తే వెన్నలా దిగుతుంది, తొందరపడితే గరగరమని తిడుతుంది.

కూర్చోవడమూ ఒక విద్యే. పెడళ్ళు నేలలోంచి పైకి లేస్తాయి, స్టీరింగు దూరంగా ఉంటుంది. పొడుగు చేతులు, పొట్టి కాళ్ళు ఉన్నవాడి కోసం చేశారేమో అనిపిస్తుంది. వానలో అద్దం మూల నుంచి మోకాలి మీద చుక్కలు పడతాయి, హీటరు ఉందంటే ఉంది. ఇన్ని లోపాలనూ ఒక్క టాపు మాఫీ చేయిస్తుంది. డ్రైవరు సీట్లోంచి లేవకుండా, ఒంటి చేత్తో వెనక్కి తోసేయవచ్చు. మోటారు లేదు, బటన్ లేదు. కనేల్లి ఊరు దాటి కొండ ఎక్కేటప్పుడు మబ్బు విడితే చాలు, ఆ చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది.

అయితే "బాగా ఉంచిన బండి" అంటే ఏది? ఈ విషయంలో బండికి గట్టి అభిప్రాయమే ఉంది. ప్రదర్శనల్లో తళతళలాడే బళ్ళు చాలామటుకు పుట్టినప్పటికన్నా ఎక్కువ మెరుస్తున్నాయి. కార్ఖానాలో నేలకు రబ్బరు చాపలు వేశారు, వీటికి తివాచీలు పరిచారు. రెక్సిన్ సీట్లు తోలు సీట్లయ్యాయి. అది బాగు చేయడం కాదు, వేరే బండిని తయారు చేయడం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ చెప్పేదీ దాదాపు ఇదే: వీలైనంత తక్కువ ముట్టుకోండి, ముట్టుకున్నది రాసిపెట్టండి. ఈ బండి డ్రైవరు సీటు మీద ఒక కుట్టు ఊడితే దాన్నే మళ్ళీ కుట్టారు. కుట్టు కనబడుతుంది. ఉండనీ.

రాసిపెట్టిన కాగితాలే దాని పరపతి. 1981 నుంచి ప్రతి ఆయిలు మార్పు రసీదూ ఒక అట్ట ఫైల్లో ఉంది, వెల్డింగు రోజుల ఫొటోలు కూడా. బండి ఏ తేదీన, ఏ రంగులో బయటికొచ్చిందో ఆల్ఫా రోమియో పాత రిజిస్టర్లు చూసి ధ్రువపత్రం ఇస్తుంది. అందులో తెలుపనే ఉంది. ఇటలీలో పాత బళ్ళ సంఘం ఆసీ కూడా ఈ మోడల్ లాగే 1966లో పుట్టింది. దాని గుర్తింపు ఉంటే పాత బండిగా గౌరవం. ముప్పై ఏళ్ళు దాటిన బండికి మామూలు రోడ్డు పన్ను లేదు, రోడ్డెక్కిన ఏడాదికి చిన్న రుసుము కడితే చాలు.

షెడ్డులో దాచిన బండి పాడవుతుంది. ఈ మాట ఎంతమందికి చెప్పినా ఎక్కదు. నిలబెట్టిన బండిలో సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకు పిస్టన్లు పట్టేస్తాయి, ఎథనాల్ కలిపిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఉప్పు చల్లే నెలల్లో ఈ బండి బయటికి రాదు, నిజమే. మార్చి వానలకు రోడ్లు కడిగినట్టయ్యాక నెలకు రెండు మూడుసార్లు కొండదారి పట్టాల్సిందే.

కొనాలని వచ్చేవాళ్ళకు ఒక మనవి. ఎండలో మెరుస్తున్న బండిని చూసి మోజుపడకండి. అయస్కాంతం, టార్చిలైటు, పాత చొక్కా తెచ్చుకుని ముందు కింద పడుకోండి. సిల్సు మీద అయస్కాంతం అతుక్కోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. మీరొచ్చేసరికే ఇంజను వేడిగా ఉంటే రేపొస్తామని చెప్పి, చల్లటి ఇంజను స్టార్టు చేయమని అడగండి. నేల మీది చాప ఎత్తనివ్వని అమ్మకందారుకు దండం పెట్టి తిరిగి వచ్చేయండి.