ధర చీటీకి టీకా తాత్పర్యం

మూలం: “వాడినది. కొద్దిపాటి మార్పులు కలవు. అసలు రూపానికి తెచ్చుకోవచ్చు.”

అవతారిక: అమెరికాలో పాత తుపాకులు అమ్మే కొట్టులో, గాజు బల్ల కింద పడుకున్న స్మిత్ అండ్ వెసన్ విక్టరీ మోడల్ రివాల్వర్‌కు దారంతో కట్టిన చీటీ ఇది. కర్త దుకాణదారు కనుక మంగళాచరణం లేదు, ధర ఉంది.

ప్రతిపదార్థం: వాడినది = 1942-45 మధ్య మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారై, బ్రిటిష్ సేనతో యుద్ధానికి వెళ్ళి, ఆ తర్వాత చేతులు మారినది; కొద్దిపాటి = ఇంత అని చెప్పడానికి నోరు రానంత; తెచ్చుకోవచ్చు = తమరే తెచ్చుకోవాలి.

విశేషాలు: “తేవచ్చు” అనలేదు, “తెచ్చుకోవచ్చు” అన్నాడు. ఖర్చు ఎవరిదో ఆ ‘కొను’లోనే తేల్చేశాడు.

ఇక మార్పులు. వ్యాకరణంలో లాగే ఇక్కడా ఆగమం, ఆదేశం, లోపం అని మూడు. మెరుపు లేని యుద్ధకాలపు ఉక్కు మీద తళతళలాడే నికెల్ పూత ఆగమం. నున్నటి వాల్‌నట్ పిడి చెక్కల చోట తెల్ల ప్లాస్టిక్ ఆదేశం. చెక్కలు వెతికితే దొరుకుతాయి, పూత తీయించవచ్చు. అయితే పూతకు ముందు సానపట్టినప్పుడు సైనిక ముద్రలు అరిగిపోయి ఉంటే, ఆగమం చాటున లోపం దాక్కున్నట్టే.

అసలు చిక్కు లోపంతోనే. 5 అంగుళాల బ్యారెల్‌ను రెండుకు కోశారు. ముందు గురి పోయింది. ఖాళీ గుల్లలను నెట్టే కడ్డీ కొనను పట్టి ఉంచే కొక్కెం బ్యారెల్ కింద ఉండేది, అదీ పోయింది. అంతటితో ఆగక, సిలిండర్ గదులను పాయింట్ 38 స్పెషల్ తూటా పట్టేలా లోతుగా తొలిచారు. బ్రిటిష్ వారి తూటా పొట్టి, లావు; స్పెషల్ పొడుగు, సన్నం. లోతు పెంచారు సరే, వెనక ఉన్న వెడల్పును ఎవడు తగ్గిస్తాడు? తేడా అంగుళంలో వెయ్యో వంతులు ఏడు. పేల్చాక ఇత్తడి గుల్ల అడుగున పొట్ట ఉబ్బి, ఒక్కోసారి చీలి బయటికి వస్తుంది.

శంక: వేరే బ్యారెల్, వేరే సిలిండర్ వేయిస్తే అసలు రూపం రాదా?

సమాధానం: రూపం వస్తుంది. కానీ ‘వి’తో మొదలయ్యే నంబరును ఫ్యాక్టరీ వాళ్ళు పిడి అడుగున, సిలిండర్ వెనక ముఖాన, బ్యారెల్ కింద విడివిడిగా కొట్టారు. తెచ్చిన ముక్కలు తమ పాత ఇంటి నంబరుతోనే వస్తాయి. గన్‌స్మిత్ ఎంత పొందికగా బిగించినా అది ద్వంద్వ సమాసమే, మూలపదం కాదు.

తాత్పర్యం: ఈ చీటీలో ‘కొను’ సహాయక క్రియగానే బాగుంది. ప్రధాన క్రియ చేయకండి. ఎవరూ చెయ్యి పెట్టని విక్టరీ కనిపిస్తే అప్పుడు చూద్దాం.