అమ్మేవారికి తలకిందుల సలహాలు

మా పిన్ని తన పాత కుట్టుమిషన్‌ని 4,500 రూపాయలకు అమ్మకానికి పెట్టి, సాయంత్రానికల్లా 38,000 పోగొట్టుకుంది. మిషన్ మాత్రం వసారాలోనే ఉంది. పిన్ని అమాయకురాలేం కాదు. ముప్పై ఏళ్ళు చీటీలు నడిపి, రూపాయి తేడా రాకుండా లెక్క అప్పజెప్పిన మనిషి. "మరి పిన్ ఎందుకు నొక్కావు పిన్నీ?" అంటే, "అంత మర్యాదగా అడుగుతుంటే కాదని ఎలా అంటామే?" అంది.

ఆ మాటే నాచేత ఇది రాయిస్తోంది. అమ్మకం గురించి పెద్దలు మనకు నేర్పినవన్నీ మంచి బుద్ధులే. బోణీ బేరం వదలకు, నవ్వుతూ మాట్లాడు, పరాయి సొమ్ము ఉంచుకోకు. మనిషి ఎదురుగా నిలబడే సంతలో అవి చక్కగా చెల్లుతాయి. ఫోన్లో గొంతు తప్ప ఏమీ లేనిచోట, ఆ బుద్ధుల్నే పట్టుకుని మోసగాడు మనల్ని లాగుతాడు. అందుకే ఈ సలహాలు వినడానికి తప్పుగా ఉంటాయి. ప్రతిదీ ఆలోచించే చెబుతున్నాను.

1. బోణీ బేరం పోగొట్టుకోండి

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టిన కాసేపటికే ఫోన్ వస్తుంది. అతను వస్తువు చూస్తాననడు, ధర తగ్గించమనడు, ఎన్నేళ్ళు వాడారని అడగడు. "డబ్బు ఇప్పుడే వేస్తాను, ప్రకటన తీసెయ్యండి" అంటాడు. పాత వస్తువుని చూడకుండా, బేరమాడకుండా కొనేవాళ్ళు మన ఊళ్ళలో లేరు. నిజంగా కావలసినవాళ్ళు మోటారు పని చేస్తోందా అంటారు, ఆదివారం వచ్చి చూస్తామంటారు, ఐదొందలు తగ్గించమంటారు. మనల్ని విసిగించేవాళ్ళే అసలైన కొనుగోలుదారులు. తొందరపెట్టే బేరం పోతే పోనివ్వండి.

2. యూనిఫాం ఫొటోకి దండం పెట్టకండి

పిన్నికి ఫోన్ చేసినవాడు సైన్యంలో ఉన్నానన్నాడు. బదిలీ అయిందట, మిషన్ తన భార్యకట, మనుషులు బండి తెచ్చి తీసుకెళ్తారట. వాట్సాప్‌లో గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో దిగిన ఫొటో పంపాడు. ఈ వేషం వేసే ముఠాలను రాజస్థాన్‌లోని భరత్‌పూర్, హర్యానాలోని నూహ్ ఉన్న మేవాత్ ప్రాంతంలో పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. జవాన్లంటే మనకున్న గౌరవమే వాళ్ళ పెట్టుబడి. "మా సైన్యంలో డబ్బు పంపే పద్ధతి వేరు" అని ఎవరైనా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. పాత మిషన్ కొనే జవానైనా మనందరిలాగే డబ్బు పంపుతాడు. నమ్మకం కోసమని మీ ఆధార్ ఫొటో అడిగితే అస్సలు ఇవ్వకండి. రేపు ఇంకొకరి దగ్గర మీ కార్డు చూపించి మీ పేరు చెప్పుకుంటాడు.

3. కొనేవాడి దగ్గర ఏమీ నేర్చుకోకండి

"మీకు రాకపోతే నేను చెబుతాను, నేను చెప్పినట్టు చేయండి" అన్నాడు అతను. ముందు 5 రూపాయల క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. 5 పోయాయి, వెంటనే 10 వచ్చాయి. నమ్మకం కుదిరింది. తర్వాత 4,500 కోడ్ పంపాడు. పిన్ని పిన్ నొక్కింది, 4,500 పోయాయి. "అయ్యో, పొరపాటైంది, రెండూ కలిపి వెనక్కి వేస్తాను" అంటూ 9,000 కోడ్ పంపాడు. అదీ పోయింది. మొత్తం ఒకేసారి వస్తుందని చివరికి 24,500 కోడ్ పంపాడు. పోయిన డబ్బు కోసమే ఆవిడ మళ్ళీ మళ్ళీ నొక్కింది.

యూపీఐ 2016లో వచ్చిన నాటి నుంచీ సూత్రం ఒక్కటే: డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు. స్కాన్ చేయడమంటే మనం చెల్లించడం. స్కాన్ చేసి పిన్ కొట్టడమంటే చెక్కు మీద సంతకం పెట్టడం. డబ్బు అడుగుతూ వచ్చే 'కలెక్ట్ రిక్వెస్టు'లను వ్యక్తుల మధ్య 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. కానీ క్యూఆర్ కోడ్ దారి ఇంకా తెరిచే ఉంది. ఫోన్ స్క్రీన్‌ని దూరం నుంచి చూపించే యాప్ వేసుకోమన్నా, యాప్‌ను ఫోన్లోకి ఎక్కించే 'ఏపీకే' ఫైలు పంపినా అదే జాగ్రత్త. డబ్బు ఎలా తీసుకోవాలో కొనేవాడు మనకు నేర్పక్కర్లేదు.

4. డబ్బు పడిందంటే నమ్మకండి, పడినా తిరిగివ్వకండి

మోసగాళ్ళు బ్యాంకు పంపినట్టే సందేశం తయారుచేసి మామూలు నంబరు నుంచి పంపుతారు. చెల్లింపు అయినట్టు తెర మీద చూపించే నకిలీ యాప్‌లూ ఉన్నాయి. గుమ్మం ముందు నిలబడి ఫోన్ చూపించినా అది రుజువు కాదు. మన యాప్ మనమే తెరిచి, ఖాతాలో నిల్వ చూసుకోవాలి. అంతవరకూ వస్తువు కదలకూడదు.

"4,500 బదులు 45,000 వేశాను, మిగతాది పంపండి" అన్నప్పుడు మన మంచితనం తొందరపడుతుంది. చాలాసార్లు ఆ డబ్బు అసలు వచ్చి ఉండదు. నిజంగానే వచ్చినా, అది మరో అభాగ్యుడి దగ్గర కొట్టేసిన సొమ్ము కావచ్చు. పోలీసులు ఆ దారి పట్టుకుని వస్తే స్తంభించేది మన ఖాతా. ఆ డబ్బు ముట్టుకోకండి. మీ బ్యాంకుకి వెళ్ళి రాతపూర్వకంగా చెప్పండి. పంపినవాణ్ణి వాడి బ్యాంకు ద్వారా అడగమనండి. పరాయి సొమ్ము తిరిగిచ్చే సరైన దారి అదే.

5. చెప్పొద్దన్న మాటే ముందు చెప్పండి

బండ్లు అమ్మేవారికి ఇది ముఖ్యం. మోసగాడు మీ ప్రకటనలో ఫొటోలు తీసుకుని, తక్కువ ధరకు తన పేరుతో ఇంకో ప్రకటన పెడతాడు. దాన్ని చూసి వచ్చినవాణ్ణి మీ ఇంటికే పంపుతాడు. మీతో "మా తమ్ముడు వస్తాడు, ధర సంగతి వాడి దగ్గర ఎత్తకండి" అంటాడు. అతనితో "బండి మా బావది, డబ్బు నాకు వేయండి" అంటాడు. బండి బాగుందని అతను డబ్బు వేసేస్తాడు, మోసగాడి ఫోన్ మూగబోతుంది. మీ వాకిట్లో ఇద్దరు నిజాయితీపరులు ఒకరినొకరు దొంగ అనుకుంటూ నిలబడతారు. వచ్చిన మనిషితో మొదటి మాటగా ధర చెప్పండి. డబ్బు ఎవరి ఖాతాలో వేస్తున్నారో అడగండి.

6. పరువు గురించి ఆలోచించకండి

పిన్ని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. బాబాయి ఏమంటాడో అని, చీటీలు కట్టినవాళ్ళు నవ్వుతారని. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. కొట్టేసిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారి, చివరికి ఏటీఎంలో నోట్లై వెళ్ళిపోతుంది. దారిలో ఉండగా ఆపగలిగితేనే తిరిగి వచ్చే ఆశ. పిన్ మనమే కొట్టాం కాబట్టి బ్యాంకు తన జేబులోంచి ఇస్తుందని అనుకోలేం. అందుకే మోసమని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి, బ్యాంకుకి చెప్పాలి. లావాదేవీ నంబర్లు, వాడి ఫోన్ నంబరు, మాట్లాడుకున్న సందేశాలు చెరిపేయకుండా ఉంచాలి. ఇంట్లో ఎవరైనా మోసపోతే తిట్టడం తర్వాత, ముందు ఫోన్ కలపండి. తిట్టే ఇళ్ళలో డబ్బు పోయిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ తర్వాత "పోయిన డబ్బు రప్పిస్తాం, కొంచెం ఫీజు కట్టండి" అని ఫోన్ చేసేవాడు రెండో దొంగ.

పిన్ని మిషన్ చివరికి అమ్ముడుపోయింది. పక్క వీధిలో కొత్తగా టైలరింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి రెండు సాయంత్రాలు వచ్చి, తొక్కి చూసి, బెల్టు మార్చాలని చెప్పి, 3,800కి బేరం తెంచింది. డబ్బు ఫోన్లో వేసింది. పిన్ని అలవాటు కొద్దీ "పరవాలేదులే అమ్మా, తీసుకెళ్ళు" అంది. ఆ అమ్మాయి కదల్లేదు. "పడిందో లేదో చూసుకోండి ఆంటీ. చూశాకే ఎత్తుతాను" అంది. పిన్ని కళ్ళద్దాలు వెతుక్కుని, యాప్ తెరిచి నిల్వ చూసేదాకా అరుగు మీద కూర్చునే ఉంది.

మనం సరిచూసుకుంటుంటే నిజాయితీ ఉన్న మనిషి నొచ్చుకోడు, ఆగుతాడు. ఆగలేనివాడికి ఏదీ అమ్మకండి.