ఓటీపీ సూత్రానికి రువీ టీక

మూలం: ప్రియమైన ఖాతాదారుకు, మీ ఓటీపీ 652915. దీనిని ఎవరికీ చెప్పకండి. మేము ఎన్నడూ అడగము.

అవతారిక: మస్కట్‌లో, రువీ పేటలో, రెండో అంతస్తు గదిలో నేను లాప్‌టాప్ ముందు కూచుని కోరితే, రాజంపేటలో మా అమ్మ దిండు కింద ఉన్న పాత ఫోనులో ఈ వాక్యం అవతరించింది. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ పది. ఆధారూ, ఖాతా, రెండూ ఆ నంబరుకే ముడిపడ్డాయి. సిమ్మును వెంట తెచ్చుకుంటే సందేశం వచ్చిననాడు వస్తుంది, రాననుకున్ననాడు రాదు. అందుకని నేను గల్ఫుకు వచ్చాను, నా నంబరు ఊళ్లోనే ఉండిపోయింది.

టీక: ‘ప్రియమైన’ అన్నది విశేషణం. కనీస నిల్వ ఉన్నంతవరకే ప్రవర్తిస్తుంది. ‘ఖాతాదారు’, ‘ఓటీపీ’ అనేవి సుబోధాలు గనుక వదిలేస్తున్నాను.

‘652915’. ఇక్కడ కాస్త ఆగాలి. కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నాకు అలాంటి ఒట్టేమీ లేదు. మనవాళ్లు అంకెలను అక్షరాల్లో దాచేవారు. దాని పేరు కటపయాది. క, ట, ప, య అంటే ఒకటి. ఖ, ఠ, ఫ, ర అంటే రెండు. అలా పోయి పోయి న దగ్గర సున్న. అంకెలు వెనక్కి నడుస్తాయి. మేచకల్యాణి రాగం పేరులో ‘మే’ 5, ‘చ’ 6, తిరగేస్తే 65వ మేళకర్త రాగం. ఉత్త శంకరాభరణానికి ‘ధీర’ తగిలించిందీ, తోడికి హనుమంతుణ్ణి తోడిచ్చిందీ ఈ లెక్క కుదరడానికే. ధీరశంకరాభరణం 29, మాయామాళవగౌళ 15. అంటే పై ఓటీపీ సాక్షాత్తు కల్యాణి, శంకరాభరణం, మాయామాళవగౌళ! మా అమ్మ ఫోనులో ఆ మూడు రాగాల పేర్లూ చెబితే, పక్కన చెవి ఒగ్గినవాడు కచేరీ ఎక్కడో అనుకుని పోతాడు. చిక్కల్లా మేళకర్తలు 72తో ఆగిపోతాయి. 73 నుంచి 99 దాకా పాడటానికి ఏమీ లేదు. రెండు సున్నాలు వస్తే మౌనమే. ఈ ఉత్సాహంలో ఓసారి నా పాస్‌వర్డు కూడా మేచకల్యాణే చేయబోయాను. పెద్దక్షరం ఒకటి కావాలంది, ఒక అంకె కావాలంది, ఒక గుర్తు కావాలంది. చివర 65 వేసి ఆశ్చర్యార్థకం పెట్టాను. ఇక్కడ చెప్పేశాను గనుక ఈ రాత్రే మార్చుకోవాలి.

ఏం చెబుతున్నాను? ఆఁ, ‘ఎవరికీ’. చివరి దీర్ఘం చిన్నది కాదు. సర్వజనులనూ ఒక్క గాటన కడుతుంది. ఇందులో కన్నకొడుకు వస్తాడా రాడా అని పూర్వపక్షం. వస్తాడనే సిద్ధాంతం. సందేశం అందుకున్నది అమ్మ గనుక నిషేధం ఆమెకు తగిలింది. ఖాతాదారుణ్ణయిన నేను ‘ఎవరికీ’లో కలిసిపోయాను. నా డబ్బుకు నేనే పరాయివాణ్ని.

‘చెప్పకండి’లోని ‘అండి’ మర్యాదకు. డబ్బు పోయిన మర్నాడు కౌంటరు దగ్గర ఈ ‘అండి’కి లోపం వస్తుంది.

‘మేము ఎన్నడూ అడగము’. ఇది అర్థవాదం, అంటే పొగడ్త. తెలియని నంబరు నుంచి ఫోను చేసి, “మీ భద్రత కోసమే, పుట్టిన తేదీ చెప్పండి, బతాకా (ఇక్కడి గుర్తింపు కార్డు) నంబరు చెప్పండి” అన్నవాళ్లు నాకు తెలుసు. నేనెవరో రుజువు చేసుకోవాలి, సరే. మీరెవరని అడిగితే నొచ్చుకున్నారు. నిజంగా బ్యాంకువాళ్లే, తర్వాత తేలింది. దొంగ కూడా ఇదే మాట, ఇదే గొంతుతో అంటాడు కదయ్యా! మా కింది గదిలో ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు, రాయచోటి మనిషి. ఏటీఎం కార్డు బ్లాకయిందని హిందీలో ఫోను వచ్చింది. వచ్చిన అంకెలు చదివేశాడు. నెల జీతం పోయింది. హెచ్చరిక పంపలేదా అంటే పంపారు, పైన అరబ్బీలో, కింద ఇంగ్లిషులో. అతను తెలుగు తప్ప చదవలేడు. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటానికి ఒమన్‌లో 6/2022 సుల్తాను శాసనం ఉంది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. సైబర్ నేరాలకు 12/2011 ఉంది. మంచి శాసనాలే. ఈలోగా ఆ మేస్త్రి బతాకా జిరాక్సులు ఎన్ని దుకాణాల సొరుగుల్లో ఉన్నాయో అతనికే తెలియదు. అయినా చెప్పినవాడిదే తప్పని తీర్పు.

తాత్పర్యం: అమ్మకు ఫోను చేశాను. “అంకెలు వచ్చినాయి చూడమ్మా, చదువు.”

“పాప చదివి చెప్పిందిరా, ఎవురికీ చెప్పొద్దంట.”

“నేనే కదమ్మా.”

“నువ్వేనని నాకేం తెలుసు? గొంతులు మార్చి మాట్లాడతాండారంట. మన ఎర్రావు మెడగంట యాడ పోగొట్టినావో చెప్పు.”

“చెయ్యేటి కాడ. ఊళ్లో మాత్రం దొంగలెత్తుకపోయినారని చెప్పినా.”

అప్పుడు ఆరంకెలూ ఒక్కొక్కటే, కళ్లజోడు సర్దుకుంటూ చదివింది. నేను కొట్టేసరికి గడువు దాటింది. మళ్లీ పంపమని నొక్కాను.