పది గుమ్మాల పంతులు

మా సంఘంలో నాకు చాటున ఒక పేరుంది: పది గుమ్మాల పంతులు. ఎదురుగా ఎవరూ అనరు. రిటైరైన హెడ్మాస్టర్ని, ఆదివారం వాక్యం చెప్పేవాణ్ని, ఆ మాత్రం మర్యాద ఉంది. కానీ ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నదే. ఏం చేసి సంపాదించానో ఇవాళ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

నెహెమ్యా కథ విశ్వాసులందరికీ తెలిసిందే. యెరూషలేము గోడ కూలి, గుమ్మాలు కాలి పడున్నాయని విని, పారసీక రాజు అర్తహషస్త కొలువులో పానపాత్ర అందించే ఉద్యోగి సెలవడిగి వస్తాడు. క్రీస్తుకు పూర్వం 445 నాటి మాట. జనాన్ని పోగేసి 52 రోజుల్లో గోడ లేపుతాడు. ఆ గ్రంథం మూడో అధ్యాయం ఉపాధి హామీ మస్టరు లాంటిది. ఫలానా గుమ్మం ఫలానావాళ్లు కట్టారు, వాళ్ల పక్కన ఫలానావాళ్లు, ఆ పక్కన ఇంకొకరు. నోరు తిరగని పేర్లు. చాలామంది దాన్ని దాటేసి నాలుగో అధ్యాయంలోకి పోతారు. నేనూ పేర్లు దాటేశాను గానీ గుమ్మాల దగ్గర ఆగిపోయాను.

గొర్రెల గుమ్మం అంటే రక్షణ. మత్స్యపు గుమ్మం అంటే సువార్త, మనుషుల్ని పట్టే జాలరులం గదా. పాత గుమ్మం పితరుల మార్గం. లోయ గుమ్మం దీనత్వం. పెంట గుమ్మం పాపాన్ని బయట పారబోయడం. బుగ్గ గుమ్మం పరిశుద్ధాత్మ, నీటి గుమ్మం వాక్యం, గుర్రపు గుమ్మం ఆత్మీయ యుద్ధం, తూర్పు గుమ్మం రెండో రాకడ. చివరన మిప్కాదు గుమ్మం, తీర్పు. రక్షణతో మొదలై తీర్పుతో ముగిసే ఈ వరసను నేను కనిపెట్టలేదు. దేశదేశాల బోధకులు చెబుతున్నదే. నేను చేసిందల్లా హిందూపురంలో ఫ్లెక్సీ కొట్టించి, ఒక్కో గుమ్మానికి ఒక్కో రంగు వేయించి, మందిరం గోడకు కట్టించడం.

ఫ్లెక్సీ కట్టాక పన్నెండో అధ్యాయం చదివాను. (కట్టకముందే చదవొచ్చు గదా అంటే, ఆ తెలివే ఉంటే ఈ స్వగతం ఎందుకు?) అక్కడ ఎఫ్రాయీము గుమ్మం, బందీగృహపు గుమ్మం అని ఇంకో రెండున్నాయి. మొత్తం పన్నెండు చేసుంటే ప్రకటన గ్రంథంలోని పన్నెండు ముత్యాల గుమ్మాలకు చక్కగా అతికేది! మళ్లీ ఫ్లెక్సీకి డబ్బు పెట్టడానికి మనసొప్పక, ఆ రెండూ దేవుడు మరుగుచేసిన మర్మాలని చెప్పేశాను. ఆమేన్ అన్నారు. అంతమంది ఆమేన్ అంటే ఎవరికి తల తిరగదు?

ఆ వేసవిలో ప్రసంగాల్లో నీటి గుమ్మం వంతు వచ్చింది. గోరంట్లలో వేసవంటే తెలుసుగా. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ. పక్కనే చిత్రావతి ఉందన్న మాటేగానీ అందులో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ. కొళాయి ఎప్పుడొస్తుందో వాల్వు తిప్పేవాడికే ఎరుక. నేను వాక్యమనే జీవజలం గురించి గొంతెత్తి చెబుతుండగా బయటెవరో "నీళ్లొచ్చినాయ్!" అన్నారు. వెనక వరుసల్లో ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. బైబిళ్లు చాప మీద బోర్లించి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు. నాకు ఒళ్లు మండింది. "నీటి గుమ్మం ప్రసంగం వదిలిపెట్టి నీళ్లకు పోతారా?" అని మైకులోనే గద్దించాను.

నెహెమ్యా గ్రంథంలోనే ఎజ్రా అనే శాస్త్రి జనానికి ధర్మశాస్త్రం చదివి వినిపించింది నీటి గుమ్మం ఎదుట మైదానంలోనే, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. కాబట్టి నీటిని వాక్యంతో కలపడం పూర్తిగా గాలి మాట కాదు. కానీ అది నీటి గుమ్మమైంది జనం నీళ్లకు వెళ్లే దారి కాబట్టి. ఆ ఊరికి ఏడాది పొడవునా పారే ఊట గీహోను ఒక్కటే, అది ఆ పక్కనే కిందుంది. కడవలు మోసేవాళ్లు తిరిగే ఆ చోటికే ఎజ్రా తన చదువు పట్టుకొచ్చాడు. నేను కడవలు నింపుకోవడానికి పోయినవాళ్లను గద్దించాను. వాళ్లు బిందెలు నింపుకుని, తడి కొంగులతో తిరిగొచ్చి మళ్లీ కూర్చున్నారు, పాపం.

ఇంతకంటే పెద్ద ఘనకార్యం ఇంకోటుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా కుర్రాడొకడు అక్కడి ప్రార్థనా కూటాల్లో నేర్చుకుని వచ్చాడు: ఊరి గుమ్మాల దగ్గర దురాత్మలు కాపలా ఉంటాయట, విశ్వాసులు వెళ్లి అభిషేక తైలం పోసి ప్రార్థిస్తే ఊరు స్వాధీనమవుతుందట. అబ్రాహాము సంతానం శత్రువుల గవినిని, అంటే గుమ్మాన్ని, స్వాధీనపరచుకుంటుందన్న వాగ్దానం ఆదికాండంలో ఉంది గదా అన్నాడు. ఉంది. పైగా నెహెమ్యా కూడా రాత్రిపూట, ఎవరికీ చెప్పకుండా, గుమ్మాలు చూసి వచ్చాడు గదా! గుమ్మాల పంతులు ఇంట్లో కూర్చుంటాడా?

రాత్రి పదకొండు దాటాక బయల్దేరాం. నెహెమ్యాకు పశువు, నాకు టీవీఎస్ మోపెడ్. గోరంట్లకు కోట గుమ్మాలు లేవు కాబట్టి రోడ్లనే గుమ్మాలనుకున్నాం. హిందూపురం రోడ్డు, కదిరి రోడ్డు, పాలసముద్రం రోడ్డు. ఒక్కోచోట ఆలివు నూనె తారు మీద పోసి, కళ్లు మూసుకుని, కుక్కలు చుట్టూ మొరుగుతుంటే గొంతు తగ్గించి ప్రార్థన చేశాం. కుక్కల్ని కూడా ఆ కుర్రాడు దురాత్మల ఖాతాలోనే రాశాడు.

తెల్లారి టీ కొట్టు దగ్గరికి వెళ్తే ఇదే మాట. "ఎవుడో నూనె పోసి పోయినాడప్పా. అమాస దగ్గరికొచ్చింది గదా." కదిరి రోడ్డులో ఒకాయన బండి ఆ నూనె మీద జారిందట, దెబ్బలు తగల్లేదు. చేతబడే అని తేల్చేశారు. దానికి విరుగుడు కూడా జరిగిపోయింది: మా అభిషేక తైలం మీద ఎవరో బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, కుంకుమ చల్లి, నిమ్మకాయ పిండి పోయారు. నేను టీ తాగాను, చిల్లర తీసుకున్నాను, నోరెత్తకుండా ఇంటికొచ్చాను. ఆ జారిన బండాయన మా వీధివాడే. ఈరోజుకూ ఆయనకు చెప్పలేదు.

ఆ రాత్రి నెహెమ్యా చేసిందేమిటో రెండో అధ్యాయంలో తేటగా ఉంది. గోడ ఎక్కడెక్కడ పడిపోయిందో, ఏ గుమ్మం ఎంత కాలిందో చూశాడు. ఒకచోట పశువు పోవడానికి కూడా సందు లేదట. ఆయన చూడ్డానికి వెళ్లాడు. నేను కళ్లు మూసుకోవడానికి వెళ్లాను. అదే రాత్రి బస్టాండు దగ్గర బెంగళూరు బస్సు కోసం మూటలతో నాలుగైదు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. బుడ్డల (వేరుశనగ) పంట ఎండిపోయినవాళ్లు. ఒక పిల్లవాడు బియ్యం సంచీ మీద తల పెట్టి నిద్రపోతున్నాడు, వాడి కాలికి చెప్పు ఒకటే ఉంది. నేను చూసి కూడా మోపెడ్ ఆపలేదు. నా చేతిలో నూనె సీసా ఉంది, ముందు పాలసముద్రం రోడ్డుంది.

ఇక పెంట గుమ్మం. మందిరం వార్షికోత్సవానికి సంఘాన్ని గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒక్కో గుమ్మం పేరు పెట్టి పనులు పంచాను. ఇంజనీరు కుటుంబానికి తూర్పు గుమ్మం. కానిస్టేబులు ఇంటివాళ్లకు గుర్రపు గుమ్మం. పంచాయతీలో రోడ్లూడ్చే ఒకమ్మ, వాళ్ల చుట్టాలు కలిసి ఒక గుంపు. వాళ్లకు పెంట గుమ్మం, పని ఆవరణ శుభ్రం చేయడం. అది ఎంత సహజంగా నా కలం నుంచి వచ్చిందో తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

ఆమెది రాత్రిబడి చదువు. వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది. కూడబలుక్కునేవాళ్లకు పేర్లు దాటేసే వీలుండదు. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చింది.

"సార్, ఈ పెంట గుమ్మం కట్టింది ఎవురు?"

"ఎవరైతే ఏమ్మా, దాని భావం ముఖ్యం."

"మల్కీయా అని రాసుండాది సార్. బేత్‌హక్కెరెము అధిపతంట. అధిపతంటే మన ఎమ్మార్వో మాదిరా, కలెక్టరు మాదిరా?"

నేను నీళ్లు నమిలాను.

"అంత పెద్దాయప్ప కట్టినాడు గదా. మాకెందుకిచ్చినారు? రోజూ పొద్దున నాలుగ్గంటలకే లేసి అదే పని జేస్తాండా. ఆదివారమన్నా ఆ గుర్రపు గుమ్మం ఇయ్యండి సార్."

ఆమె నవ్వుతూనే అంది. కోపంగా అనుంటే సర్దిచెప్పుకునేవాణ్ని. పాఠం పదిసార్లు చెప్పిన పంతులు, పాఠంలో ఉన్న పేరు ఎరగడు. ఇంటికొచ్చి ఆ అధ్యాయం ఆమెలాగే వేలు పెట్టి చదివాను. గొర్రెల గుమ్మం కట్టింది ప్రధాన యాజకుడు ఎల్యాషీబు, ఆయన తోటి యాజకులు. బంగారు పనివాళ్లు గోడ బాగుచేశారు, సుగంధ ద్రవ్యాలు చేసేవాళ్లు బాగుచేశారు. షల్లూము అనే అధిపతి తన కూతుళ్లను వెంటబెట్టుకుని పనిలోకి దిగాడు. తెకోవ ఊరి జనం పనికొచ్చారు గానీ వాళ్ల పెద్దమనుషులు మెడ వంచలేదట. ఆ ఒక్క మాట దగ్గర నాకు గుచ్చుకుంది. మందిరం ఊడ్చే పని ఏనాడూ నా వంతుకు రాకుండా నేనే పంచుకుంటూ వచ్చాను.

మా వాళ్ల సంగతి తెలియనివాణ్నయితే ఇదంతా అమాయకత్వం అనుకోవచ్చు. లండన్ మిషన్ వాళ్లు గుత్తి, అనంతపురం వైపు వచ్చి బోధించిన రోజుల్లో, వాళ్ల మాట ఎక్కువగా విన్నది ఊరి బయటి వాడల్లోనే. మా తాతలదీ అలాంటి వాడే. పండగొస్తే వాకిట్లోనే నిలబడి చేయి చాపాలి. యేసు గవిని వెలుపల శ్రమపడ్డాడని హెబ్రీ పత్రికలో చదివి మా తాత ఏడ్చేవాడని మా నాయన చెప్పేవాడు. అది వాళ్ల చిరునామా మరి. నేను కాలనీలో మిద్దె ఇల్లు కట్టుకున్నాక ఆ వాక్యం నాకు మంచి శుక్రవారం నాడు మాత్రమే గుర్తొచ్చేది. మిగతా రోజుల్లో ఎవరికి ఏ గుమ్మం ఇవ్వాలో పంచేవాణ్నయ్యాను.

బైబిలు కాలపు ఊరి గుమ్మాల్లో ఇంకేం జరిగేదో వెతుక్కుంటూ పోయాను. విజయనగర కాలపు కోట వాకిళ్లలో దారికి అటూ ఇటూ అరుగులుంటాయి. 1565 తళ్లికోట ఓటమి తర్వాత రాజధాని అయిన పెనుకొండ మాకు దగ్గరే, కాబట్టి అది నాకు అర్థం కావడానికి కష్టం కాలేదు. ఇశ్రాయేలు దేశపు ఉత్తరాన దాను పట్టణం తవ్వకాల్లోనూ గుమ్మం దగ్గర రాతి అరుగులు బయటపడ్డాయి. ఊరి పెద్దలు అక్కడ కూర్చునేవారు. తగవులు, భూముల క్రయవిక్రయాలు, విధవల గోడు, అన్నీ అక్కడే. బోయజు అలాంటి గుమ్మంలోనే కూర్చుని, పదిమంది పెద్దలను పిలిచి, నయోమి పొలం సంగతి ఒక్కపూటలో తేల్చాడు. చెప్పు విప్పి ఇవ్వడమే అక్కడి రిజిస్ట్రేషన్. ఆమోసు ప్రవక్త ఒళ్లు మండి తిట్టింది గుమ్మం దగ్గర లంచం తీసుకుని బీదల మాట పడగొట్టేవాళ్లను. ధనవంతుడి ఇంటి వాకిట్లో పడున్న లాజరును ఎవరో కొట్టారని సువార్త చెప్పదు. అతను అక్కడున్నాడు, ఈయన లోపలున్నాడు, అంతే.

నా ఫ్లెక్సీలో ఈ గుమ్మం లేదు. అన్నీ నా ఆత్మ ఎక్కే మెట్లే. వింటున్న వాళ్లల్లో ఎవరికి ఏ తగవుందో ఒక్క గుమ్మంలోనూ అడగలేదు.

అడగకపోవడమే కాదు, అడిగినదాన్నీ తప్పించుకున్నాను. ఆ రోడ్లూడ్చే అమ్మే అంతకుముందు నా ఇంటికొచ్చింది. వాళ్ల నాయన డీకేటీ పట్టా భూమి ఎకరన్నర, ఆయన పోయాక పాసుపుస్తకంలో ఈమె పేరు ఎక్కలేదు. "మీరు ఒక్కమాట వచ్చి చెప్పండి సార్, మీ మాటయితే వింటారు" అంది. నేను ఆమె తల మీద చెయ్యి పెట్టి దీర్ఘంగా ప్రార్థన చేసి పంపించాను. ఆ ప్రార్థనలో నీ ద్వారాలు తెరువుము ప్రభువా అని కూడా అన్నట్టు గుర్తు.

గుర్రపు గుమ్మం ఆమెకే ఇచ్చాను. కానిస్టేబులు మారు మాట్లాడకుండా పెంట గుమ్మం తీసుకుని, చీపురు నా చేతికి కూడా ఒకటిచ్చాడు. ఆ సంగతి అంతటితో అయిపోయింది. పాసుపుస్తకం సంగతి అవలేదు. 2022 ఏప్రిల్లో మాది శ్రీ సత్యసాయి జిల్లా అయ్యాక కలెక్టరేటు పుట్టపర్తికే వచ్చింది, అనంతపురం దాకా పోయే పని తప్పింది. సోమవారం గ్రీవెన్సుకు ఇద్దరం కలిసి బస్సెక్కాం. అర్జీ నేనే రాశాను. ఇన్నేళ్లు ప్రసంగాలు రాసిన చెయ్యి, అర్జీలో రెండో వాక్యం దగ్గరే తడబడింది. "జీవజలములు" లాంటి మాట ఒక్కటీ పనికిరాదు అందులో. తండ్రి పేరు, గ్రామం, విస్తీర్ణం, సర్వే నంబరు.

వరుసలో నిలబడ్డాక ఆమె కాగితం తీసుకుని వేలు పెట్టి చదివింది.

"సార్, సర్వే నంబరు తప్పు రాసినారు."

పెన్ను ఆమెకే ఇచ్చాను. కొట్టేసి పైన సరిగ్గా రాసింది. మా ముందర ఇంకా చాలామందే ఉన్నారు.