1643వ పేజీ

పటమటలో, బందరు రోడ్డుకి రెండు వీధుల లోపల ఒక పాత డాబా ఇంట్లో, ముందుగది బీరువా రెండో అరలో ఉంటాను నేను. వెన్ను మీది బంగారు అక్షరాలు చాలావరకు రాలిపోయినా, కొన్ని ఇంకా చదవొచ్చు: ఏ.ఐ.ఆర్., సుప్రీంకోర్టు, 1967. కోర్టు తీర్పులు అచ్చువేసే ఆల్ ఇండియా రిపోర్టర్ అన్నమాట. నాగపూర్‌లో అచ్చయి నెలనెలా విడి సంచికలుగా వచ్చిన నన్ను ఆ ఇంటి ప్లీడరు గారు కుట్టించి బైండు చేయించారు. చెదలు పట్టకుండా నా పుటల మధ్య వేపాకు పెట్టేవారు.

నన్ను బల్ల మీద పెడితే చాలు, 1643వ పేజీ దగ్గర తెరుచుకుంటాను. ఆ పేజీ కింది మూల ప్లీడరు గారి బొటనవేలి చెమటకి గోధుమరంగు తిరిగింది. అక్కడ మొదలవుతుంది గోలక్‌నాథ్ కేసు. 1967 ఫిబ్రవరి 27న పదకొండు మంది న్యాయమూర్తులు ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపుగా చీలి చెప్పిన తీర్పు అది. ప్రాథమిక హక్కులను హరించే అధికారం పార్లమెంటుకి లేదన్నారు. గెలిచిన పక్షాన ప్రధాన తీర్పు రాసినవారు అప్పటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు.

తీర్పులకీ వంశవృక్షం ఉంటుంది. మా వంశానికి ఆయన పెద్దాయన. 1902లో రాజమండ్రిలో పుట్టారు. బాపట్లలో కొన్నాళ్ళు జిల్లా మునసబుగా చేశారు. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలిస్తే దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. మా ప్లీడరు గారు అప్పటికి జూనియరు. కృష్ణ దాటి వెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని ఆయన వాదనలు వినే తీరు చూసి వచ్చేవారట.

నా పక్కనే మా అన్న, 1963 సంపుటం. వాడి దగ్గర ఖరక్ సింగ్ కేసు ఉంది. పోలీసులు ఒక మనిషి మీద నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టిన కేసు. రాత్రి సోదాలు చెల్లవని అందరూ ఒప్పుకున్నారు గానీ, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు ఎక్కువమంది. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. వ్యక్తి స్వేచ్ఛలోనే గోప్యత ఉందని, ఆ నిఘా మొత్తం చెల్లదని విడిగా రాశారు. న్యాయమూర్తి షా ఒక్కరే ఆయనతో కలిశారు.

నా 1836వ పేజీలో పాస్‌పోర్టు కేసు ఉంది. విదేశానికి వెళ్ళడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967 ఏప్రిల్ 10న చెప్పారు. మర్నాడే సుబ్బారావు గారు పదవి వదిలి రాష్ట్రపతి పదవికి పోటీచేశారు. జాకిర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు.

1973లో మా తమ్ముడొచ్చాడు, కేశవానంద భారతి కేసు మోసుకుని. నా 1643వ పేజీని కొట్టేశాడు. ప్లీడరు గారు నా అంచున పెన్సిలుతో ఆ సంగతి రాస్తుంటే మనసు చివుక్కుమంది. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని చెప్పిందీ ఆ తమ్ముడే. నా పంతం వాడి రక్తంలోనూ ఉంది.

సుబ్బారావు గారు 1976 మే 6న, ఎమర్జెన్సీ రోజుల్లో కన్నుమూశారు. ఆ తరవాత కొన్నేళ్ళకి ప్లీడరు గారూ పోయారు. మమ్మల్ని తూకానికి వేద్దామన్న మాట ఇంట్లో రెండుసార్లు వచ్చింది.

2017 ఆగస్టు 24. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్కమాటగా చెప్పారని టీవీలో వచ్చింది. లా చదువుతున్న మనవరాలు బీరువా తలుపు లాగింది. ఆమె చెయ్యి నన్ను దాటి అన్నని అందుకుంది. నేను ఆ ఖాళీలోకి ఒరిగాను. ఆమె నేల మీదే కూర్చుని, దాదాపు 55 ఏళ్ళ కిందట ఓడిన పక్షం మాటలు పైకి చదువుతోంది. మధ్యలోంచి పొడైపోయిన వేపాకు జారి ఆమె ఒడిలో పడింది. ఆమె దాన్ని దులిపేసుకోలేదు.