ఆది జాకెట్టు చదవని కంప్యూటరు

కంప్యూటర్ కుట్టు మిషను అంటే, సూది పక్కలకు ఎంత ఊగాలో, అడుగున ఉన్న పళ్లు గుడ్డను ఎంత ముందుకు నెట్టాలో లెక్కగట్టి, చిన్న మోటార్ల చేత ఆ పని చేయించే ఎలక్ట్రానిక్ బోర్డు కలిగిన యంత్రమని నిర్వచించవచ్చు. ఈ నిర్వచనంలో అబద్ధమేమీ లేదు గానీ, దుకాణాల్లో వినిపించే నిర్వచనం వేరు: ఈ మిషను ఇంట్లో ఉంటే టైలరుతో పనిలేదు, బటన్ నొక్కితే చాలు, కుట్టడం రానివాళ్లు కూడా కుట్టేస్తారు. సూది ఊగే దూరం తెలిసిన యంత్రానికి మనిషి ఒంటి తీరు కూడా తెలిసిపోయిందని ఏ ప్రమాణంతో తేల్చారో తర్కశాస్త్రం చదివినవారు చెప్పాలి.

ఇంతకీ ఆ బోర్డు కింద జరుగుతున్నది, 1846లో ఎలియాస్ హోవ్ అనే అమెరికన్ పేటెంటు పొందిన రెండు దారాల కుట్టే: పైదారం సూదితో పాటు గుడ్డలోకి దిగుతుంది, షటిల్ దాన్ని అందుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది, రెండూ గుడ్డ మందంలో ఒకదానికొకటి చిక్కుకుని బిగుస్తాయి. 1851లో తన నమూనాకు పేటెంటు తీసుకుని, ఆ తర్వాత వాయిదాల పద్ధతిలో మిషన్లను ఇళ్లకు చేర్చిన ఐజాక్ సింగర్ గానీ, 1975లో 'ఎథీనా 2000' పేరుతో ఎలక్ట్రానిక్ మిషను తెచ్చిన ఆయన కంపెనీ గానీ ఆ ముడి జోలికి పోలేదు. మారినదల్లా దాన్ని నడిపించే అధికారం కాలి నుంచి బోర్డుకు బదిలీ కావడమే.

అయితే కుట్టు ఒక్కటే అని ఒప్పుకుంటే ధర నిలబడదు గనుక, కుట్ల సంఖ్య పెరిగింది. వందల కొద్దీ కుట్లున్నాయని చెప్పే పట్టికను ఓపికగా చదివితే, వాటిలో ఆకులు, హృదయాలు, బాతులు, పూలతీగలు, ఇంగ్లీషు అక్షరమాల మొత్తం కనిపిస్తాయి; ఒక్కో అక్షరాన్ని ఒక్కో కుట్టుగా లెక్కగట్టే ఈ గణితం ప్రకారం బడికి వెళ్లే ప్రతి పిల్లవాడూ గొప్ప దర్జీయే. తెలుగు ఇళ్లలో మిషను మీదికి వచ్చే పని చూస్తే జాకెట్టు, లంగా, దిండు గలీబు, పొడుగైన ప్యాంటుకు కింద మడత, ఊడిన పక్క కుట్టు. వీటిలో ఇంచుమించు అన్నిటికీ కావలసింది సాదా కుట్టు, అప్పుడప్పుడు అంచు పోగులు ఊడకుండా జిగ్‌జాగ్. గుండీ కాజాలు వేయడానికి ఏడెనిమిది రకాల ఏర్పాట్లున్నాయని గర్వంగా చెబుతారు గానీ, జాకెట్టుకు పెట్టేవి హుక్కులు. అవీ, వాటి ఎదుట దారంతో కట్టే కళ్లూ, కింది హెమ్మింగూ నేటికీ చాలాచోట్ల చేతి పనే. ఇక దుస్తుల ఫ్యాక్టరీల్లో పొద్దస్తమానం తిరిగే జూకీ తరహా మిషన్లలో అధికభాగానికి వచ్చింది ఆ సాదా కుట్టు ఒక్కటే, కానీ నిమిషానికి అయిదు వేల కుట్ల దాకా వేస్తాయి. వందల కుట్లు నేర్చిన ఇంటి మిషను సాధారణంగా వెయ్యి కూడా దాటదు. ఒక్క విద్య వచ్చినది పొట్ట నింపుతుండగా, వంద విద్యలు వచ్చినది హాల్లో కూర్చుని అతిథుల ప్రశంసలందుకుంటోంది.

అసలు చిక్కు కుట్టులో ఎన్నడూ లేదు, కత్తెరలో ఉంది. ఆది జాకెట్టు అంటే, టేపుతో కొలతలిచ్చే బదులు, ఒంటికి నప్పిన పాత జాకెట్టును టైలరు చేతికిచ్చి ఇలాగే కుట్టమని చెప్పే నమూనా. నేర్పరి అయిన టైలరు దాన్ని అందుకోగానే తిరగేసి, చంక దగ్గర గుడ్డ ఎక్కడ ముడతపడిందో, ఏ భుజం జారిందో, పక్క కుట్టు ఎన్నిసార్లు విప్పారో చూస్తారు. ఇచ్చినావిడ "కాస్త లూజుగా" అంటే అది అరంగుళమో అంగుళమో ఆవిడ మాటను బట్టి కాక, విప్పిన కుట్లను బట్టి నిర్ణయిస్తారు. చీరతో వచ్చిన ఎనభై సెంటీమీటర్ల ముక్కలో చేతులకు అంచు రెండు వైపులా ఒకే ఎత్తులో రావాలి, లైనింగ్ గుడ్డ తర్వాత కుంచించుకుపోకుండా ముందే తడిపి ఆరేయాలి, ముందు భాగంలో డాట్లు, అంటే గుడ్డను మడిచి గుండ్రదనం తెచ్చే కుట్లు, సరైన చోట ముగియాలి. పక్కన లోపలి వైపు గుడ్డ మిగిల్చి, ఒకదాని వెంట ఒకటిగా రెండు మూడు కుట్లు వేసి ఉంచడం, రాబోయే ఏళ్లలో ఒళ్లు ఎటు పెరుగుతుందో మర్యాదగా, మారు మాట్లాడకుండా ఊహించి చేసే ఏర్పాటు. పేరులోనే జ్ఞాపకశక్తిని తగిలించుకున్న మిషన్లకు సైతం ఈ దూరదృష్టి అబ్బలేదు. చంక తప్పుగా కోసిన గుడ్డను ఆ మిషనుకు అందిస్తే, అది ఏ సంకోచమూ లేకుండా, దూరానికి దూరం సరిగ్గా, అతి చక్కని కుట్టుతో ఆ తప్పును శాశ్వతం చేస్తుంది.

దానితో కాపురం చేయడంలోని వైభవం మరొకటి. గుడ్డను నొక్కిపట్టే పాదం దించకుండా మొదలుపెడితే కూత, కాజా మీట దించకపోతే కూత, గుడ్డ మందమై మోటారు ఆయాసపడితే కూతతో పాటు సందేశం. ఇన్ని మందలింపులు తెలిసిన యంత్రం, కొత్తవారిని అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించే తప్పు దగ్గర మాత్రం చాలాసార్లు మౌనం వహిస్తుంది. పాదం దించి ఉంచి పైదారం ఎక్కిస్తే, దారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి గనుక దారం వాటి నడుమకు చేరదు. పట్టు లేని ఆ పైదారం గుడ్డ అడుగున ఉండలు ఉండలుగా పేరుకుపోతుంది. రోగం అడుగున కనబడుతుంది గనుక యజమానులు బాబిన్‌ను నిందించి, దాన్నే పదేపదే విప్పి బిగిస్తారు. తొక్కుడు మిషను మీద పెరిగినవారు మాత్రం పాదం ఎత్తి, దారం మళ్లీ ఎక్కించి, ఏమీ మాట్లాడకుండా లేచిపోతారు.

ఎంబ్రాయిడరీ చేయగల రకాలను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చిన్న మోడళ్ల ఫ్రేము పది సెంటీమీటర్ల చదరం. జాకెట్టు వీపు అంతకన్నా పెద్దదన్న విషయం డబ్బు కట్టాక గుర్తొస్తుంది. పూసలూ జర్దోసీ చుట్లూ గుచ్చే మగ్గం పని ఆ సూదికి లొంగదు.

దారం పనివారి చరిత్రలో ఒక దుర్ఘటన ఉంది: ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోన్నియే నెలకొల్పిన కుట్టు కార్ఖానా మీద 1831లో దర్జీలు విరుచుకుపడి, తమ కూడు పోతుందన్న భయంతో యంత్రాలను ధ్వంసం చేశారు. నేటి వీధి టైలరుకు అలాంటి భయం పెట్టుకోవలసిన అగత్యం లేదు, ఎందుకంటే కంప్యూటరు మిషను చేరిన ఇల్లు ఆయన గిరాకీ జాబితాలోంచి పోదు, విప్పి మళ్లీ కుట్టే పనుల పద్దు కిందకు మారుతుందంతే. యంత్రాలంటే అంతగా మక్కువ చూపని గాంధీ కూడా 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. చేతికి శ్రమ తగ్గిస్తూ చేతిని పనిలోనే ఉంచే పనిముట్టు కాబట్టి ఆ మినహాయింపు అర్థవంతమే, కానీ బాతుల వరుసకు అది వర్తిస్తుందో లేదో తేల్చవలసి ఉంది. 2023లో మొదలైన కేంద్ర విశ్వకర్మ పథకం దర్జీలతో సహా పద్దెనిమిది వృత్తులవారికి పనిముట్ల కోసం పదిహేను వేల రూపాయల దాకా ఇస్తుంది. కుట్టి బతికేవారికి ప్రభుత్వం లెక్కగట్టిన మొత్తం అది; కుట్టకుండా బతికేవారు కొనుక్కునే మిషను దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది.

వోల్టేజీ పోటుకు బోర్డు కాలిపోయిన రోజున, స్క్రూడ్రైవరూ నూనె డబ్బాతో ఇంటికే వచ్చే పాత మెకానిక్ దాన్ని తాకడానికి ఒప్పుకోడు. కొత్త బోర్డు ధర విన్న యజమానికి దుకాణదారు ఎక్స్ఛేంజి పథకం వివరిస్తాడు: పాతదానికి ఏదో ఒక విలువ కడతారు, కొత్త మోడల్లో మరో వంద కుట్లు అదనం.